బడి దారి

పాఠ్యభాగ ఉద్దేశం : పల్లెల్లోని పిల్లలు, ముఖ్యంగా బాలికలు, పొలాల మీదుగా ఒంటరిగా బడికి నడిచి వెళ్ళవచ్చునా అనే ప్రశ్న ఏటా ఎన్నో ఇళ్ళలో తలెత్తుతుంది. ఆ నిర్ణయంతో ముడిపడిన చట్టాన్ని, దారి స్వభావాన్ని, పిల్లల శక్తిని, పెద్దల భయాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

జూన్ నెల రెండో వారంలో తెలుగు రాష్ట్రాలలో బడులు తెరుస్తారు. నైరుతి రుతుపవనాలు తెలుగు నేలను తాకేదీ ఇంచుమించు అప్పుడే. వేసవి అంతా ఎండిపోయి ఉన్న వాగుల్లోకి నీరు చేరుతుంది. గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. పుట్టలలోనికి, బొరియలలోనికి నీరు దిగి పాములు బయటికి వస్తాయి. పిల్లలు కొత్త పుస్తకాల సంచితో కొత్త దారి పట్టే రోజులూ, ఆ దారి సంవత్సరం మొత్తంలో ఎక్కువ ప్రమాదకరంగా మారే రోజులూ ఒక్కటే కావడం గమనించదగిన విషయం. బడుల కాలపట్టికను నిర్ణయించిన వారికి ఎండలు గుర్తున్నాయి గాని వాగులు అంతగా గుర్తున్నట్లు తోచదు.

మన పల్లెల్లో చాలావరకు ప్రాథమిక పాఠశాల ఊళ్ళోనే ఉంటుంది. ఐదో తరగతి పూర్తికాగానే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆరో తరగతి చదవాలంటే పొరుగూరిలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్ళాలి. పత్తి చేలు, మొక్కజొన్న చేలు విస్తారంగా ఉండే ఒక పల్లెలో అటువంటి కుటుంబాన్ని ఒకదాన్ని ఊహించుకోవచ్చు. తల్లి, తండ్రి కూలి పనులకు పోతారు. కూతురికి పదకొండో ఏడు నడుస్తున్నది. ఐదో తరగతిలో మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైంది. ఉన్నత పాఠశాల డొంకదారిన మూడు కిలోమీటర్లు. తారురోడ్డు మీదుగా తిరిగి వెళ్తే తొమ్మిది. ఆ ఇంట్లో రాత్రి అన్నాల వేళ నాయనమ్మ ఒక మాట అంటుంది: “ఆడపిల్ల. ఒక్కతి ఆ చేన్ల పొంటి ఎట్ల పోతది? చదివిన కాడికి చాలు తియ్యి.” తల్లి వెంటనే జవాబు చెప్పదు. నాయనమ్మ మాటలో ప్రేమ ఉంది, భయం ఉంది. ఆ భయం పూర్తిగా అసత్యమూ కాదు. కాని ఆ ఒక్క మాటతో ఒక బాలిక చదువు ముగిసిపోగలదు. బడి దారి సురక్షితమా కాదా అన్న ప్రశ్నను ఇంత జాగ్రత్తగా పరిశీలించవలసి రావడానికి కారణం ఇదే.

ఈ ప్రశ్నను చట్టం కూడా పట్టించుకొంది. 2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు సమీపంలోనే బడి ఉండాలని నిర్దేశించింది. సమీపం అంటే ఎంత? కేంద్ర ప్రభుత్వం 2010లో రూపొందించిన నియమావళి దానిని అంకెలలో చెప్పింది. ఒకటి నుండి ఐదో తరగతి వరకు కిలోమీటరు, ఆరు నుండి ఎనిమిదో తరగతి వరకు మూడు కిలోమీటర్లు. అది నడిచి వెళ్ళగలిగిన దూరంగా లెక్క. ఆ అంకెల తర్వాత వచ్చే నిబంధన వాటికంటే విలువైనది. కొండచరియలు విరిగిపడే చోట, వరదలు వచ్చే చోట, రహదారులు లేని చోట, మొత్తంమీద ఇంటి నుండి బడికి చేరే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం పొంచి ఉన్న చోట, ఆ ప్రమాదం తప్పేటట్లు దూర పరిమితిని తగ్గించి బడిని నెలకొల్పాలని ఆ నిబంధన చెబుతుంది. బడి పెట్టడానికి వీలులేని చిన్న పల్లెలకు ఉచిత రవాణా, వసతి వంటి ఏర్పాట్లు చేయాలని కూడా అందులో ఉంది. అంటే చట్టం దృష్టిలో దూరం, దారి రెండు వేర్వేరు విషయాలు. ఆచరణలో మాత్రం మొదటిదాన్ని టేపు పెట్టి కొలుస్తారు, రెండోదాన్ని చూడటానికి ఎవరూ రారు.

దీనికి ఇటీవలి ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌లో కనిపిస్తుంది. 2022లో ప్రాథమిక పాఠశాలల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు తరలించాలని ప్రభుత్వం నిర్ణయించింది. సబ్జెక్టు ఉపాధ్యాయులు దొరుకుతారన్నది ఆ నిర్ణయానికి చెప్పిన కారణం. ఎనిమిదేళ్ళ పిల్లలు రహదారులు దాటి, కాలువలు దాటి వెళ్ళవలసి వస్తుందని పలుచోట్ల తల్లిదండ్రులు ఆందోళన చెందారు. ఆ ఉత్తర్వును 2025లో ఉపసంహరించారు. దాని మంచిచెడులు ఎలా ఉన్నా ఒక సంగతి మాత్రం స్పష్టమైంది. పటం మీద కిలోమీటరు ఎక్కడైనా కిలోమీటరే; నాలుగు వరుసల జాతీయ రహదారి అడ్డం వస్తే అది ఎనిమిదేళ్ళ పిల్లవాడికి దాటరాని దూరం.

ఇదే వివాదం ఇంగ్లండులో న్యాయస్థానం దాకా వెళ్ళింది. అక్కడ ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు రెండు మైళ్ళు, అంతకు పైబడిన వారికి మూడు మైళ్ళు నడక దూరంగా చట్టం నిర్ణయించింది. మనకంటే అది చాలా ఎక్కువ. మూడు మైళ్ళంటే దాదాపు ఐదు కిలోమీటర్లు. అప్పట్లో ఆ దూరం దాటితేనే స్థానిక ప్రభుత్వం ఉచితంగా వాహనం ఏర్పాటు చేయవలసి ఉండేది. 1980లలో ఎసెక్స్ ప్రాంతంలో పన్నెండేళ్ళ బాలిక ఒకరికి బడికి దగ్గరిదారి మూడు మైళ్ళకు కొద్దిగా లోపు ఉంది. కాని ఆ దారి పొలాల మధ్య నుండి పోయే నిర్జనమైన బాట. కొంతమేర దీపాలు లేవు. ఆ దారిన బిడ్డను ఒంటరిగా పంపలేమని తల్లిదండ్రులు వాదించారు. బాలిక బడికి హాజరు కానందున వారిపై కేసు నడిచింది. చివరికి 1986లో ప్రభువుల సభ న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. అవసరమైతే ఒకరు తోడు వెళ్ళగా పిల్లలు తగినంత భద్రతతో నడవగలిగిన దారి ఏదైనా అందుబాటులో ఉన్న దారే. ఒంటరిగా వెళ్తే ప్రమాదమన్న ఒక్క కారణంతో అది దారి కాకుండా పోదు. అదే సంవత్సరం ఆ దేశ పార్లమెంటు ఒక సవరణ చేసింది. ఉచిత రవాణా గురించి నిర్ణయించేటప్పుడు పిల్లల వయస్సును, దారి స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ సవరణ సారాంశం.

ఆ తీర్పులోని ‘తోడు’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగడం అవసరం. న్యాయస్థానంలో ఆ మాట ఎంతో సహజంగా వినిపిస్తుంది. మన పల్లెలో దానికి ఒక ధర ఉంది. నాట్ల కాలంలో కూలి ముఠాలు తెల్లవారగానే బయలుదేరుతాయి. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య బిడ్డను బడిలో దింపి, మూడు కిలోమీటర్లు వెనక్కి నడిచి వచ్చిన తల్లికి ఆ రోజు పని దొరకదు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాలంటే పని మధ్యలో వదలి రావాలి. కనుక తోడు వెళ్ళడమంటే రోజుకూలి వదులుకోవడం. ఒకటి రెండు రోజులైతే ఏ తల్లి అయినా వదులుకొంటుంది. ఏడాదికి రెండువందలకు పైగా ఉండే బడిరోజులు వదులుకొనే శక్తి ఆ ఇంటికి లేదు. అందుచేతనే ‘ఒంటరిగా వెళ్ళగలదా’ అన్న ప్రశ్న పేద కుటుంబాన్ని ముందుగా, తీవ్రంగా తాకుతుంది.

మరి నిర్ణయించడం ఎలా? దారిని నడిచి చూడటమే తొలి మార్గం. అదీ బిడ్డతో కలిసి, బిడ్డ వెళ్ళే వేళకు, బిడ్డ వచ్చే వేళకు. ఉదయం ఎనిమిదిన్నరకు చేలల్లో జనం ఉంటారు. సాయంత్రం ఐదుకు ఇళ్ళకు మళ్ళుతారు. డిసెంబరులో హైదరాబాదు ప్రాంతంలో సూర్యుడు ఇంచుమించు ఐదూ నలభైకి అస్తమిస్తాడు. పదేళ్ళు దాటిన పిల్లలకు మూడు కిలోమీటర్ల నడక నలభై ఐదు నిమిషాలు. నాలుగుంబావుకు బడి వదిలితే వెలుగు ఉండగానే ఇంటికి చేరవచ్చు. పదో తరగతికి వచ్చి, ప్రత్యేక తరగతులు ఐదున్నర దాకా సాగితే మాత్రం దారిలో సగం కూడా రాకముందే చీకటి పడుతుంది. ఒకే దారి, ఒకే అమ్మాయి. గంటంబావు తేడాతో ప్రశ్న మారిపోతుంది.

పెద్దలు చూసే దారి, పిల్లలు చూసే దారి ఒకటి కావు. ఐదున్నర అడుగుల మనిషికి కంది చేను మీదుగా రోడ్డు కనిపిస్తుంది. నాలుగడుగుల పిల్లకు ఆకులు తప్ప మరేమీ కనిపించవు. జూన్‌లో చేలు నేలబారుగా ఉంటాయి. సెప్టెంబరు నాటికి మొక్కజొన్న తలను మించి పెరిగి దారికి ఇరువైపులా గోడ కడుతుంది. అప్పుడు చేనిలోని వారికి దారిన పోయే పిల్ల కనపడదు, పిల్లకు చేనిలోని వారు కనపడరు. అందువల్ల జూన్‌లో ఒకసారి నడిచి చూసి తీసుకొన్న నిర్ణయాన్ని పంట ఎదిగాక మరొకసారి చూసుకోవడం మంచిది.

దారిలో మొదటి గండం నీరు. డొంకదారుల మీద వాగులకు వంతెనలు అరుదు. ఉన్నచోట చప్టాలు ఉంటాయి. వాన ఎగువన ఎక్కడో కురుస్తుంది, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు వస్తుంది. చప్టా మీదుగా పారే నీరు జానెడు లోతే కదా అని దిగడం ప్రాణాంతకం. వేగంగా పారే నీరు ఆరు అంగుళాలున్నా పెద్దవారిని సైతం పడగొట్టగలదు. పైగా బురదనీటి కింద చప్టా అంచు ఎక్కడ ముగిసిందో కనిపించదు. తల్లి నడుస్తూ కూతురిని అడుగుతుంది: “వాగు నిండితే ఏం చేస్తవ్ బిడ్డా?” కూతురు ఆలోచించి చెబుతుంది: “చెప్పులు చేత పట్టుకొని మెల్లగ దాటుత అమ్మా.” ఆ జవాబు వినడానికే ఆ నడక అవసరం. పిల్లలకు ధైర్యం ఉంటుంది. బడికి ఆలస్యమైతే సారు కోప్పడతారన్న భయమూ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే వాగులోకి దింపుతాయి. వాగు వచ్చిన రోజు బడికి రాకపోయినా, ఆలస్యంగా వచ్చినా తప్పు కాదని తల్లిదండ్రులు చెబితే చాలదు. ఆ మాట ఉపాధ్యాయుడి నోట రావాలి.

రెండోది పాములు. 2000 నుండి 2019 వరకు ఇరవై సంవత్సరాలలో మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించినట్లు 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000 మంది. ఆ మరణాల్లో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. ఎక్కువ మరణాలు సంభవించే రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. అయితే ఈ అంకెలు బడి దారి మూసివేయడానికి కారణం కారాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. రక్తపింజర గడ్డిలో కదలక పడి ఉండి, కాలు మీద పడినప్పుడు కాటు వేస్తుంది. దారి మధ్యన నడవడం, కాళ్ళకు బూట్లు తొడగడం, గట్టు మీది గడ్డి కోయించడం ప్రమాదాన్ని చాలావరకు తగ్గిస్తాయి. కాటు పడితే కోయరాదు, బిగించి కట్టరాదు, మంత్రగాడి కోసం గడియ కూడా పోగొట్టరాదు. కాలు కదలకుండా ఉంచి, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ మందు దగ్గరలో ఎక్కడ ఉందో పిల్లను బడికి పంపే ముందే తెలుసుకొని ఉంచుకోవాలి.

ఇవికాక, మనుషులు సృష్టించిన గండాలు కొన్ని ఉన్నాయి. చుట్టుగోడ లేని వ్యవసాయ బావి దారి పక్కనే ఉంటుంది. నీరు పడని బోరుబావిని కొందరు పూడ్చకుండా వదిలేస్తారు. వాటిని మూయాలని, చుట్టూ కంచె వేయాలని సర్వోన్నత న్యాయస్థానం 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం చట్టవిరుద్ధమైనా కొన్నిచోట్ల జరుగుతూనే ఉంది. రాత్రి పెట్టిన తీగకు తెల్లవారాక కరెంటు తీయడం మరచిపోతే, అడ్డదారిన చేనిలోకి దిగిన పిల్లలకు అది మృత్యువే. గాలివానకు తెగిపడిన తీగ సంగతీ అంతే. కుక్కల మంద ఉండే కోళ్ళఫారం, ఇసుక ట్రాక్టర్లు తిరిగే మలుపు వంటివి ఊరివారందరికీ తెలిసినవే. తెలిసినవి కాబట్టి ఎవరూ చెప్పరు. కొత్తగా ఆ దారి పట్టే పిల్లకు మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

తారురోడ్డు దాటే చోటు పొలం కంటే ప్రమాదకరమని చాలామంది అనుకోరు. వచ్చే వాహనం ఎంత దూరంలో ఉందో పిల్లలు చెప్పగలరు. ఎంత వేగంతో వస్తున్నదో చెప్పడం వారికి కష్టం. ఆ శక్తి వయస్సుతో క్రమంగా వస్తుంది గాని, ‘జాగ్రత్త’ అని పదిసార్లు చెప్పినంత మాత్రాన రాదు. ఏడేళ్ళ పిల్లవాడు రోడ్డు దాటే నియమాన్ని తడుముకోకుండా అప్పజెప్పి, మరు నిమిషంలో బంతి వెంట రోడ్డు మీదికి పరుగెత్తగలడు. కాలిబాట లేని రోడ్డు మీద కుడివైపున, ఎదురుగా వచ్చే వాహనాలను చూస్తూ నడవడం క్షేమం. ఎడమవైపు నడవాలని నేర్పేవారు ఇప్పటికీ కొందరు ఉన్నారు, కాని వీపు వెనుక వచ్చే లారీని ఎవరూ చూడలేరు.

నడక ప్రమాదమనుకొని వాహనం ఎక్కించినంత మాత్రాన భయం తీరిపోదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొని పలువురు చిన్నారులు మరణించారు. బ్రాడ్‌గేజ్ మార్గాలలో అటువంటి కాపలాలేని గేట్లన్నింటినీ 2019 ప్రారంభానికి తొలగించారు. ఒక ఆటోలో పదిహేనుమంది పిల్లలను కుక్కి తీసుకుపోయే దృశ్యం మాత్రం నేటికీ సాధారణమే.

నాయనమ్మ భయం వాగు గురించీ కాదు, పాము గురించీ కాదు. ఆమె పేరెత్తి చెప్పని భయం మనుషుల గురించి. దారిలో బెల్టుషాపు ఉందా, దాని ముందు పగలే తాగి కూర్చొనేవారు ఉన్నారా, మోటారు సైకిళ్ళ మీద వెంటపడే యువకులు ఉన్నారా అన్నవి నిజమైన ప్రశ్నలు. వాటిని సిగ్గుపడి దాచరాదు. అదే సమయంలో మరొక నిజాన్నీ గుర్తుంచుకోవాలి. 2012లో వచ్చిన బాలల లైంగిక నేరాల నిరోధక చట్టం కింద నమోదైన కేసుల్లో అత్యధిక భాగం నిందితులు పిల్లలకు ముందే తెలిసినవారు. అంటే ఇంట్లో, వీధిలో ఉంచినంత మాత్రాన పిల్లకు రక్షణ దొరికినట్లు కాదు. దారిలో ఏం జరిగినా ఇంటికి వచ్చి చెప్పవచ్చు, చెబితే చదువు మాన్పించరు అన్న నమ్మకం పిల్లకు కలగాలి. మన పల్లెల్లో చాలామంది బాలికలు నోరు విప్పకపోవడానికి కారణం నిందితుడి భయం ఒక్కటే కాదు, చెబితే మర్నాటి నుండి బడి బంద్ అవుతుందన్న భయం కూడా.

భయం మొత్తం తరాన్ని ఇంట్లో కూర్చోబెట్టిన చరిత్ర ఇంగ్లండులో ఉంది. 1971లో ఆ దేశంలో ఏడు, ఎనిమిదేళ్ళ పిల్లల్లో నూటికి 80 మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్ళేవారు. 1990 నాటికి ఆ సంఖ్య 9కి పడిపోయిందని మేయర్ హిల్‌మన్, మరి ఇద్దరు పరిశోధకులు సర్వే చేసి వెల్లడించారు. రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే పిల్లల సంఖ్య ఆ కాలంలో తగ్గింది. రోడ్లు సురక్షితమయ్యాయని ప్రభుత్వం సంతోషించింది. రోడ్లు సురక్షితం కాలేదు, పిల్లలనే వాటి మీది నుండి తప్పించారు అని ఆ పరిశోధకులు వాదించారు. అక్కడి పిల్లలు పోగొట్టుకొన్నది స్వేచ్ఛ. బడికి మాత్రం కారులో వెళ్ళారు. మన పల్లెలో బాలికను దారి నుండి తప్పిస్తే ఆమెకు కారు రాదు, ఐదో తరగతితో చదువు ఆగిపోతుంది.

దారిని తగ్గించలేనప్పుడు దారిలో గడిపే సమయాన్ని తగ్గించవచ్చునని బీహారు చూపింది. 2006లో ఆ రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్ళు ఇవ్వడం ప్రారంభించింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని పరిశీలించారు. ఉన్నత పాఠశాలల్లో ఆ వయస్సు బాలికల చేరిక 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గిందని 2017లో ప్రచురించిన వ్యాసంలో వారు పేర్కొన్నారు. ఆ పెరుగుదల ముఖ్యంగా బడి దూరంగా ఉన్న పల్లెల్లోనే కనిపించింది. సైకిలు వేగం ఇచ్చింది. అంతకంటే ముఖ్యంగా, ఒకే వేళకు ఒకే దారిన పదిమంది బాలికలు కలిసి పోయే దృశ్యాన్ని ఊరికి అలవాటు చేసింది. తెలుగునాట ఆర్టీసీ బస్సు వచ్చే ఊళ్ళకు చిక్కు కొంత తీరింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి బాలికలకు, మహిళలకు ఆ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు రాని ఊరికి ఆ వరం అందదు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు దూరపు పల్లెల బాలికలకు వసతితో కూడిన చదువును అందిస్తున్నాయి. అయితే పదకొండేళ్ళ పిల్ల ఇల్లు విడిచి ఉండటం అందరికీ సాధ్యం కాదు.

తోడుకు తల్లే అక్కరలేదు అన్న సంగతిని జపాను దేశం ఎన్నో ఏళ్ళుగా ఆచరిస్తున్నది. అక్కడ చాలా ఊళ్ళలో ఒకే వీధి పిల్లలు ఉదయం ఒకచోట చేరి, వరుసగా బడికి నడుస్తారు. పెద్ద తరగతి పిల్లవాడు ముందు, మరొకడు చివర, చిన్నవారు మధ్యన. చిన్నవారు దూరం నుండి కనపడేలా పసుపుపచ్చ టోపీలు పెట్టుకొంటారు. ఏ దారిన నడవాలో బడి ముందే నిర్ణయిస్తుంది. 2021 జూన్‌లో చీబా ప్రాంతంలో తాగి లారీ నడిపిన ఒకడు బడి నుండి వస్తున్న పిల్లల మీదికి దూసుకుపోగా ఇద్దరు చనిపోయారు. ఆ దేశం నడకను నిషేధించలేదు. దేశమంతటా బడి దారులను తనిఖీ చేయించింది.

మన పల్లెలకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పశువులు కాయడానికి, కట్టెలకు, నీళ్ళకు పిల్లలు ఎప్పుడూ గుంపుగానే వెళ్ళారు. ఒంటరిగా పంపాలా, పెద్దలు తోడు వెళ్ళాలా అని రెండు మార్గాలే ఉన్నట్లు ఆలోచించడం వల్లనే ఇబ్బంది. పైన చెప్పిన ఇంట్లో తల్లి రెండు రోజులు కూలి మాని ఉదయం, సాయంత్రం కూతురితో ఆ దారి నడిచింది. తర్వాత వీధిలో మూడిళ్ళకు వెళ్ళి మాట్లాడింది. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె, ఏడో తరగతి వారు ఇద్దరు ఉన్నారు. నలుగురూ చింతచెట్టు దగ్గర కలిసి బయలుదేరాలి. ఒకరు రాకపోతే మిగిలినవారు ఆ ఇంటికి వెళ్ళి అడిగి కదలాలి. బావి ఉన్న అడ్డదారి తొక్కరాదు. వాగు నిండితే ఎటువైపు ఉన్నవారు అటువైపే ఆగిపోవాలి. ప్రధానోపాధ్యాయుడిని కలిసి ఆ చివరి మాటకు ఒప్పించింది. నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఊరుకొంది.

ఆగస్టులో ఒక సాయంత్రం వాగు వచ్చింది. నలుగురు పిల్లలూ చప్టా దాకా వచ్చి, నీటిని చూసి, వెనుదిరిగి బడికి వెళ్ళారు. ఉపాధ్యాయుడు ఫోను చేశాడు. తండ్రి పొరుగువారి ట్రాక్టరు అడిగి తారురోడ్డు మీదుగా తొమ్మిది కిలోమీటర్లు చుట్టి వెళ్ళి, రాత్రి ఎనిమిదింటికి నలుగురినీ తీసుకువచ్చాడు. నాయనమ్మ అప్పటిదాకా అన్నం ముట్టకుండా గడప మీదనే కూర్చొని ఉంది. ఆ తర్వాత జరిగిన గ్రామసభలో చప్టా అంచు తెలిసేలా రెండువైపులా రాళ్ళు పాతాలని, డొంక పొడవునా కంప కొట్టించాలని అడగడానికి అందరికంటే ముందు లేచి నిలబడింది ఆమే. రాళ్ళు సంక్రాంతి నాటికి పాతారు. కంప సగం దూరం కొట్టి వదిలేశారు. పదో తరగతి ప్రత్యేక తరగతుల సంగతి ఇంకా తేలలేదు. అందుకు నాలుగేళ్ళ వ్యవధి ఉంది.

అభ్యాసం

1. విద్యాహక్కు నియమావళి దూరాన్ని, దారిని వేర్వేరు విషయాలుగా ఎలా పరిగణించిందో వివరించండి.
2. ‘తోడు’ అనే మాటకు పల్లెలో ఒక ధర ఉంది అనడంలోని అంతరార్థాన్ని రాయండి.
3. “చెప్పులు చేత పట్టుకొని మెల్లగ దాటుత అమ్మా” – సందర్భాన్ని తెలిపి, ఆ జవాబు తల్లికి ఎందుకు అవసరమైందో వ్యాఖ్యానించండి.
4. మీ ఇంటి నుండి కళాశాలకు, లేదా మీరు చదివిన బడికి వెళ్ళే దారిని జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో పోల్చి ఒక పుటలో వర్ణించండి.